పెరట్లో పొద్దు

మిక్సీలు బాగుచేసే మెకానిక్‌కు నోట్లో స్క్రూ పెట్టుకునే మాట్లాడే అలవాటు. పది మాటల్లో ఒక్కటి అర్థమైతే గొప్పే. చూపు మందగించిన అత్తగారు సందెవేళ పెరటి మెట్లమీద పడి, కాలు బెణికి మంచమెక్కారు. ఆ వారంలోనే అతను ఖాళీ పెరుగు డబ్బాలు బోర్లించి పసుపు బల్బులకు గొడుగులు చేశాడు. పాత సామాన్ల కొట్లో చవగ్గా దొరికిన సెన్సర్ బిగించి, చీకటి పడగానే మెట్ల వెంట వాటంతటవే వెలిగేలా తీగలు కలిపాడు. "బ్రహ్మాండంగా ఉంది!" అంది భార్య. అతనికి నమ్మకం కుదరలేదు. కునుకు తీస్తున్న అత్తగారి సోడాబుడ్డి కళ్లద్దాలు తెచ్చి పెట్టుకుని, చేతులు చాచి మెట్లు దిగాడు. మూడో మెట్టు దగ్గర తూలిపడబోయాడు. భార్య పడీపడీ నవ్వింది. "వెలుగు కళ్లల్లో కొడుతోందే. కాళ్ల దగ్గర పడాలి," అంటూ అన్ని దీపాలనూ మోకాళ్ల కిందికి దించాడు.

వాపు తగ్గాక ఒక సాయంత్రం, చీకటి పడిన వేళ, అత్తగారు ఆరిన బట్టలకోసం పెరట్లోకి దిగారు. గోడ పట్టుకోలేదు. మూడో మెట్టూ దాటేశారు. దండెం మీది చీర లాగుతూ, "ఏంటి బాబూ, ఇవాళ ఇంకా పొద్దుపోలేదా?" అన్నారు.

అతను నోట్లోంచి స్క్రూ తీశాడు.

"ఇంకా పోలేదత్తయ్యా," అన్నాడు స్పష్టంగా.