తింటివా అక్కా?

పెరూలో, దిక్కులేని పిల్లల ఆశ్రమంలో జీతం లేకుండా పనిచేస్తూ నాతోపాటు స్పానిష్ నేర్చుకున్న అక్కది పుంగనూరు. ఆ భాషలో ఆమెకు మొదట పట్టుబడిన మాట “తింటివా?”, అంటే తిన్నావా అని. మనవైపు ఎదురైనవాళ్లనల్లా అలాగే పలకరిస్తాం కదా, ఒకరోజు సాయంత్రం ఆమె గేటు దగ్గర పిల్లల్నీ అలాగే పలకరించింది. వాళ్లు లోపలికి పరిగెత్తి, పళ్లేలు తెచ్చుకుని ఆమె ముందు వరసగా నిలబడ్డారు.

“అయ్యో, ఊరికే అడిగితినమ్మా,” అని తెలుగులోనే అంటూ ఏడ్చేసింది.

ఆ తర్వాత, సంచిలో అరటిపళ్లు లేకుండా ఆమె ఎవరినీ ఆ మాట అడగలేదు.

మొన్న మదనపల్లె బస్టాండులో కనబడింది. సంతోషం పట్టలేక, “తింటివా అక్కా?” అన్నాను.

“ఏం తెచ్చినావో ఇట్లా పెట్టప్పా,” అని నవ్వుతూ చెయ్యి చాపింది.

నా చేతిలో గొడుగు తప్ప ఏమీ లేదు.