మేఘనాడు పటంలో నా ఊరు

ఇంతకాలం ఎందుకు రాయలేదని అడిగేవాళ్లకు నా జవాబు చిన్నది. నాకు రాయడం వచ్చేది కాదు. ముప్ఫై మూడో ఏట, ఢిల్లీ మయూర్ విహార్‌లో మా కింది అంతస్తులో ఉండే కరుణమ్మ ఆంటీ భోజనాల బల్ల దగ్గర, ఆవిడ మనవరాలు సగం వాడి పడేసిన నోట్‌బుక్కులో మొదటిసారి ‘అ’ దిద్దాను. చిన్నప్పుడు బడికి పంపలేదా అంటే, పంపుదామనే అనుకున్నారు. ప్రతి ఏడూ, వచ్చే ఏడు పంపుదామనుకున్నారు. ముఖర్జీ నగర్‌లో మూడో అంతస్తులో అమ్మ నడిపిన తెలుగు మెస్సుకు రెండు పూటలా నలభై మంది తినడానికి వచ్చేవారు. అందరూ చదువు కోసమే ఢిల్లీ వచ్చినవాళ్లు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ కూడా చదువు గురించే మాట్లాడుకునేవాళ్లు. తమ కంచంలో పప్పు వడ్డిస్తున్న పదేళ్ల పిల్ల బడి వేళప్పుడు ఇక్కడెందుకు ఉందని ఆ నలభై మందిలో ఒక్కడికీ అనుమానం రాలేదు. వాళ్లంతా కాబోయే కలెక్టర్లు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం, మంచం కింద ట్రంకు పెట్టె లాగి, అడుగున చీరల మధ్య చుట్టిపెట్టిన చార్టు తీశాను. కలరా ఉండల వాసన, దాని వెనకాల ఎప్పుడో అంటిన ఆవకాయ నూనె వాసన ఒక్కసారి కొట్టాయి. ఆ రెండు వాసనలూ కలిస్తే నాకు ముఖర్జీ నగర్ మేడ మీది శీతాకాలం వచ్చేస్తుంది. పొగమంచు పదకొండింటికి గాని విడిచేది కాదు. విడిచాక, ఆదివారమైతే, అందరూ మఫ్లర్లు చుట్టుకుని, చాపలు చంకన పెట్టుకుని మేడెక్కి, పక్కమేడ మీద ఆరేసిన రజాయి బొంతల మధ్యనుంచి వచ్చే ఆ కాస్త ఎండకోసం పిల్లుల్లా సర్దుకుని కూర్చునేవారు. కింద సందులో ముల్లంగి పరాఠాల పెనం చిర్రుమనేది, వేరుసెనగల బండివాడు అరిచేవాడు, జిరాక్సు షాపుల మిషన్లు ఆదివారం కూడా ఆగేవి కావు. నా ముందు గోనెపట్టా మీద పచ్చిబఠాణీ కాయల గుట్ట. చలికాలమంతా అమ్మ బఠాణీ కూరే చేసేది, ఒలిచేది నేను. వేళ్ల చివర్లు ఆకుపచ్చగా మారి, గోళ్లలో దూరిన పీచు రెండు రోజులు పోయేది కాదు.

వేసవి వేరు. వేడిగాలి సందులోంచి లేచి మెట్లెక్కి వచ్చేది, కూలర్ తడకల గడ్డివాసనతో గది నిండేది, నీళ్ల మోటారు పనిచెయ్యని రోజున కింద కుళాయి నుంచి మూడంతస్తులూ బిందెలు మోసేదాన్ని. ఉగాదికి ఢిల్లీ వేపచెట్లు పూసేవి కావు, ఆలస్యంగా పూసేవి. అమ్మ లేత చిగుళ్లు నూరి పచ్చట్లో వేసి, “పువ్వయితేనేం, ఆకయితేనేం, చేదు చేదేగా, నోరు మూసుకుని తినండి” అనేది. తినేవారు. గోంగూర మాత్రం ఊరినుంచి రైల్లో ఎవరైనా తెస్తేనే. ఆ రోజు మెట్ల మీదే పంక్తి మొదలయ్యేది.

మేఘనాడు పుట్టింది అలాంటి ఒక శీతాకాలం ఆదివారమే. పరీక్ష తప్పిన ఏదో బెంగ పోగొట్టుకోవడానికి మెస్సు కుర్రాళ్లు మొదలుపెట్టారు. లేని దేశం ఒకటి కల్పించుకుని, దానికి నదులు, పంటలు, రాజులు, పన్నులు అన్నీ ఏర్పాటు చేసి, తలా ఒక రాజ్యం పంచుకుని యుద్ధాలు చేసుకునే ఆట. పాచికలకు చింతపిక్కలు, సైన్యాలకు నా బఠాణీలు. ఓడిన సైన్యం కూరలోకి వెళ్లిపోయేది. ఈ ఆటకు పెద్ద శేఖరన్నయ్య. మా జిల్లావాడే, భూగోళం ప్రత్యేకంగా చదువుతున్నాడు, చార్టు మీద దేశపటం గీసింది అతనే. ఊహే కదా అని ఎలాబడితే అలా గీస్తే ఒప్పుకునేవాడు కాదు. “సముద్రం మీంచొచ్చే మబ్బు కొండకి గుద్దుకుని ఇవతలే కురిసేస్తుంది. అవతలవాళ్లకి వట్టి గాలే మిగుల్తుంది. ఇష్టమొచ్చినట్టు కొండలు పెట్టేస్తే దేశం ఎండిపోద్ది, తెలిసిందా?” అని మిగతావాళ్లకు చెబుతుంటే, ఒలుస్తూ నేనూ విన్నాను. నాకు ఎవరైనా ఏదైనా పాఠం చెప్పారంటే అదొక్కటే. అదీ నాకు చెప్పింది కాదు.

వాళ్ల దేశంలో కోటలుండేవి, గుర్రాలుండేవి, ఇద్దరు చంద్రులుండేవారు. వంటిళ్లు ఉండేవి కావు. ఒకరోజు ఉండబట్టలేక నోరు తెరిచాను. బిందెలు మొయ్యక్కర్లేకుండా నది తనంతట తనే మెట్లెక్కి ఇంటింటికీ వచ్చి వెళ్లాలన్నాను. దుకాణాలకు రాతల బోర్డులు వద్దు, వాసన పట్టుకుని వెళ్తే చాలన్నాను. కబురు పంపాలంటే కాగితం కాదు, మనం చెప్పింది మన గొంతుతోనే అప్పజెప్పే పిట్టలుండాలన్నాను. వండినవాళ్లే ముందు తినాలని కూడా అన్నాను. మొదట నవ్వారు. తరవాత శేఖరన్నయ్య నోట్‌బుక్కు తీసి ఒక్కొక్కటే రాసుకున్నాడు. ఆ రోజు నుంచి వారం వారం, “ఏమే చిట్టీ, ఇంకేమన్నా తట్టిందా?” అని అడిగేవాడు. తట్టేవి. వారమంతా గిన్నెలు తోముతూ ఆలోచించేదాన్ని. చేతులు బూడిదలో ఉండేవి, నేను మేఘనాడులో ఉండేదాన్ని.

చెడింది ఒక మాట దగ్గర. శేఖరన్నయ్య తన రాజధానిని పూర్తిచేసి తెచ్చాడు. పేరు శేఖరాబాద్. చుట్టూ ఎత్తయిన గోడ, లోపల కోట, తోటలు, గ్రంథాలయం. అందరూ ఆహా అంటున్నారు.

“అన్నయ్యా, ఇంతమంది స్నానాలు చేసిన నీళ్లు ఎటు పోతాయి?” అన్నాను.

“ఎటో పోతాయిలేవే.”

“ఎటో అంటే? చుట్టూ గోడేగా. మురుక్కాలవ పెట్టలేదు నువ్వు. నాలుగు రోజులైతే రాజుగారు ఈదుకుంటూ రావాలి బయటికి.”

మేడంతా నవ్వు. వరంగల్ వైపు నుంచి వచ్చిన యాదగిరన్న చాప మీద దొర్లాడు. “ఏమయ్యా శేఖర్, ఇన్నేండ్లు భూగోళం సదివి ఏం ఫాయిదా? చిట్టి నీకు సున్నా ఏసింది పో!” శేఖరన్నయ్య కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చలికనుకున్నాను.

మరుసటి ఆదివారం అతనే పిలిచాడు. “నువ్వు ఇంత సాయం చేశావు కదా, నీకూ ఒక ఊరిస్తాను. పేరు చెప్పు.” సముద్రం పక్కన, చిత్తడినేల అని ఎవరూ కోరుకోని మూల చూపించాడు. నాకు ఏ మూలయినా ఒకటే. నా ఊళ్లో పొద్దున్నే అందరికంటే ముందు ఎండ రావాలి, బఠాణీలు ఒలవడానికి చలెయ్యకూడదు. అందుకే “పొద్దుపురం” అన్నాను. నల్ల స్కెచ్ పెన్నుతో రాశాడు, వేలు కింద పెట్టి చదివాడు, “పొద్దు... పురం.” దాని కింద చిన్న అక్షరాలు కూడా రాశాడు. అవేంటని అడిగితే, “మీ ఊళ్లో ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు, అవన్నీ. దేశమన్నాక లెక్కలుండాలిగా” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు మఫ్లర్లలో మూతులు దాచుకుని దగ్గారు. ఎవరో “బహుత్ అచ్ఛా, బేటా” అన్నారు. నాకు ఒళ్లంతా పొంగిపోయింది.

యాదగిరన్న ఒక్కడే నవ్వలేదు. పటం దగ్గరికి లాక్కుని చూసి, “గిదేంది శేఖర్? గిట్ల రాస్తరా?” అన్నాడు.

“ఏం, నా చేతిరాత బాలేదా? నీదానికంటే నయమేలే.”

యాదగిరన్న చాప చుట్టుకుని, అన్నం తినకుండానే మెట్లు దిగిపోయాడు. మర్నాటి నుంచి వేరే మెస్సుకు మారిపోయాడు.

“ఏమే, ఆ అబ్బాయి రావట్లేదేం? కూర బాలేదంటనా?” అంది అమ్మ.

“నా ఊరు చూసి కుళ్లుకున్నాడమ్మా” అన్నాను.

ఆ తరవాతి ఏడాది శేఖరన్నయ్యకు ఉద్యోగం వచ్చి గది ఖాళీ చేస్తూ, అడిగితే పటం నాకే ఇచ్చేశాడు. పిండి డబ్బా పైన గోడకు అంటించాను. అమ్మకూ అక్షరాలు రావు. మెస్సుకు కొత్తగా ఎవరు చేరినా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, “ఇదిగో, ఇది నా ఊరు” అని వేలుపెట్టి చూపించేదాన్ని. అందరూ చదివేవారు. చదివి నా మొహంలోకి చూసి, ఒక రకంగా నవ్వేవారు. మెచ్చుకోలనుకున్నాను. ఎన్ని ఏళ్లు, ఎంతమందికి చూపించానో.

అమ్మ పోయాక మెస్సు మూసేసి, మయూర్ విహార్ వచ్చి వంట మొదలుపెట్టాను. ఇప్పుడు అశోకా రోడ్ వైపు ఆఫీసులకు మధ్యాహ్నం క్యారియర్లు పంపుతాను. ఆ క్యారియర్ల మీది చిరునామా పట్టుకునే పోయిన ఆదివారం పొద్దున్న శేఖరన్నయ్య వచ్చాడు. పెద్ద ఆఫీసరయ్యాడు, పొట్ట వచ్చింది.

“చిట్టీ! ఎంతదానివయ్యావే! అదే పప్పుచారు వాసన, అమ్మదే!” అని కుర్చీ లాక్కుని కూర్చుని, వచ్చిన పని చెప్పాడు. కూతురు కంప్యూటర్ ఆటలు తయారుచేస్తోందట. మేఘనాడు గురించి చెబితే ఆ పిల్లకు తెగ నచ్చేసిందట. ఆటంతా ఆ దేశంలోనే నడుస్తుందట, పటం ఎలా ఉంటే అలాగే. “ముఖ్యంగా ఆ మెట్లెక్కే నది! అప్పట్లో నాకెలా తట్టిందో గాని, ఇప్పటికీ ఎవరికీ రాని ఐడియా అంటోంది. మ్యాప్ ఉందా నీ దగ్గర? రేపు పదింటికి డ్రైవర్‌ని పంపుతాను.”

“చూస్తాను సార్” అన్నాను.

“సార్ ఏంటే, అన్నయ్యా అని పిలువు” అని నవ్వాడు.

నిజానికి ఆ పటం చదవడానికే నేను అక్షరాలు నేర్చుకున్నాను. గుణింతాలు, ఒత్తులు అన్నీ వచ్చాకే తీద్దామని ఆగుతూ వచ్చాను. అతను వెళ్లిపోయాక ట్రంకు తెరిచి, చార్టు తీసుకుని కరుణమ్మ ఆంటీ దగ్గరికి దిగాను. ఆంటీ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. అబద్ధం ఆడరు, నొప్పి ఉంటే ఉంటుందనే చెబుతారు. బల్ల మీద పరిచి, అతను పెట్టినట్టే వేలు కింద పెట్టి చదివాను. ద్దు వచ్చింది. పు వచ్చింది. రం వచ్చింది. మొదటి అక్షరం దగ్గర ఆగిపోయాను.

“ఆంటీ, ఇది ‘పొ’ కదూ?”

ఆంటీ కళ్లజోడు సర్దుకుని, చార్టు మీదికి వంగి చూశారు.

“కాదమ్మా. ‘ప’ అయితే పక్కన ఆ తోక ఎందుకుంటుంది? అది ‘మొ’.”

మొద్దుపురం. కింద చిన్న అక్షరాలు నేనే చదివాను, ఆంటీ సాయం లేకుండా. జనాభా ఒకటి. అక్షరాస్యత సున్నా. ముఖ్య వృత్తి అంట్లు.

“రాసినోడెవరో గాని, దిద్దెయ్యమ్మా. ఒక్క అక్షరమేగా” అన్నారు ఆంటీ. నేను దిద్దలేదు. గోడ ముందు నవ్విన మొహాలన్నీ ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి, ఒక్కటీ తప్పిపోలేదు. అన్నం మానేసి వెళ్లిపోయిన యాదగిరన్న కూడా వచ్చాడు. మంచివాడని ఇప్పుడు అందరూ అంటారేమో, నేననను. తెలిసినవాడు నాకు చెప్పి వెళ్లాలి. తన కడుపు మాడ్చుకుంటే నాకు అక్షరం వచ్చిందా?

ఆ మేడ ఇప్పుడు లేదు. ఈ మధ్య ఆ వైపు వెళ్తే, దాని చోట అద్దాల బిల్డింగు, అంతస్తుకొక లైబ్రరీ బోర్డు. వేరుసెనగల బండి లేదు. మేడ మీద ఎండ కాగేవాళ్లు లేరు, భోజనం ఫోన్‌లో చెబితే మెట్ల దాకా వస్తుంది, వడ్డించే పిల్ల మొహం ఎవరూ చూడక్కర్లేదు. అప్పుడు మాత్రం చూశారా! బాల్యం పోయిందని అందరిలా నేను ఏడవలేను. నాకున్న బాల్యం ఈ చార్టంత. అందులోనూ నా మూలలో ఒకడు ఉమ్మేసి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే, క్యారియర్ల వంట దించేసి, నల్ల స్కెచ్ పెన్ను తీసుకుని చార్టు ముందు కూర్చున్నాను. నా ఊరి పేరు ముట్టుకోలేదు. సముద్రానికీ శేఖరాబాద్‌కూ మధ్య, పటం ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎక్కడా సందు లేకుండా కొండలు గీశాను. నా చిత్తడిమూల మాత్రం సముద్రం వైపే ఉంచాను. తరవాత శేఖరాబాద్ కింద, నా చేత్తో, చిన్న అక్షరాలతో రాశాను: వాన సున్నా.

ఎనిమిదిన్నరకు జిరాక్సు షాపు తెరిచారు. చార్టు పెద్దది, ఒక్క కాగితంలో పట్టలేదు. నాలుగు ముక్కలుగా తీయించి, వెనక టేపు అంటించాను. పదింటికి డ్రైవర్ వస్తే అదే చుట్టి ఇచ్చాను. అసలుది మళ్లీ ట్రంకులో పెట్టాను. జిరాక్సులో గీతలన్నీ ఒకే నలుపు. ఏ కొండ ఎప్పుడు పుట్టిందో ఎవరూ చెప్పలేరు.