మామ్మ కుంకుడు రసం, నా డోర్‌మ్యాట్

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, నా ఇంజనీరింగ్ పట్టా ఇంకా మడత పడని రోజుల్లో, ఫోన్లో రెండు వీడియోలు చూస్తే రాని విద్య లేదని నమ్మేవాణ్ణి. ఉద్యోగం దొరికేదాకా నర్సీపట్నంలో మావయ్య బంగారప్పని కొట్లో కూర్చునేవాణ్ణి. అక్కడ చెత్త పారెయ్యరు. నగలకి ఆకురాయి పెట్టినప్పుడు రాలే పొడి కోసం, ఊడ్చిన దుమ్మంతా గోనెసంచిలో దాస్తారు. ఏడాదికోసారి గొలుగొండ నుంచి ఒక మామ్మ వచ్చి, దాన్ని కడిగి బంగారం తీస్తుంది. ఆ ఏడు తీసిందానితో అత్తకి ముక్కుపుడక చేసిస్తానని మావయ్య మాటిచ్చాడు (ఊరందరికీ నగలు చేసే మనిషి ఇంట్లో ఇచ్చిన మొదటి మాట).

నేను ఊరుకోవచ్చు కదా. చేత్తో కడిగితే సగం పోతుందని, మెషీన్ నేను చేస్తానని అన్నాను. నిలువునా చీల్చిన పైపు, అందులో గళ్ళ రబ్బరు డోర్‌మ్యాట్, పైన మోటారు. దుమ్ము నీళ్ళతో జారుతుంటే బరువైన బంగారం గళ్ళలో ఆగిపోవాలి. మామ్మ వచ్చి, చూసి, పైపు చివర పెద్ద తొట్టి పెట్టి కూర్చుంది. నా మీద గౌరవం అనుకున్నాను. పది నిమిషాల్లో సంచి ఖాళీ. డోర్‌మ్యాట్ దులిపితే కాస్త ఇనప రజను, ఒక గుండుసూది రాలాయి. అత్త ముక్కు తడుముకుంటూ లోపలికెళ్ళిపోయింది.

"అంత బేగి తోలేస్తే పిండిలాంటి బంగారం ఎక్కడాగుద్ది బాబూ?" అంది మామ్మ. తొట్టి అడుగున పేరుకున్న మట్టిని చెక్క పళ్ళెంలోకి ఎత్తి, కుంకుడు రసం చిలకరించింది. జిడ్డు పట్టిన సన్నపొడి నీటి మీద తేలి పోతుందట, రసం తగిలితే మునుగుతుందట. పాత స్పీకరు అయస్కాంతంతో ఇనప రజను ఏరింది. ఇక పొద్దుగూకేదాకా పళ్ళేన్ని ఊయలలా ఊపుతూనే ఉంది. సంచెడు దుమ్ము చివరికి గోటి అంచంత పసుపు గీతగా మిగిలింది. నేను రెప్ప వెయ్యలేదు. వీడియో తీసుకోనా అని అడిగాను.

"తీసుకో బాబూ. ఏటి, నువ్వు నేర్సుకున్నదీ అందులోనే కదా."

ముక్కుపుడక కందిబద్దలో సగముంది. అత్త మాత్రం నాలుగు రోజులు అందరికీ పక్కకి తిరిగే కనబడింది. నా డోర్‌మ్యాట్ కొట్టు గుమ్మంలోకి చేరింది. ఇప్పుడు మామ్మ ఏటా ముందు దాన్నే కడుగుతుంది: కాళ్ళకంటుకుని బయటికి పోయే పొడి ఆ గళ్ళలో ఆగుతోందట. అంటే నా మెషీన్ పనిచేస్తోంది. మోటారునీ, నన్నూ తీసేశారంతే.