మూడు గుప్పిళ్ల ఇసుక

నబీ రసూల్ ఏడవలేదు. నా కోపమంతా అందుకే.

రాయచోటివాడు. అల్ కుసైస్‌లో మా గదిలోనే ఉంటాడు, వ్యాను తోలతాడు. వాడు దుబాయ్ వచ్చాక పుట్టిన కూతురు తస్లీమా, 2005లో జ్వరమొచ్చి పోయింది. బిడ్డ ముఖం వాడెరగడు, ఫోనులో కేరింతలు విన్నాడంతే. ముదీర్, అంటే మా మేనేజరు, సెలవివ్వలేదు. మా వాళ్లలో గోరీలో మూడు గుప్పిళ్ల మన్ను వేస్తేనే మనిషిని సాగనంపినట్టు. "మన్నెయ్యలేకపోతిని" అన్నాడు ఒకసారి. మర్నాడు డ్యూటీకెక్కాడు. మేం ఓదారుస్తుంటే "సరేలే" అంటూ పప్పన్నం తిన్నాడు. ఏం మనిషిరా నాయనా అనిపించింది!

ఆ శుక్రవారం పక్షులు చూసే దొరలను ఉమ్ అల్ కువైన్ తీసుకెళ్లాలి. వాణ్ణి ఒంటరిగా పంపడానికి మనసొప్పక నేనూ ముందు సీట్లో ఎక్కాను.

సముద్రపు ఒడ్డున నరమానవుడు లేడు. ఇసుక దిబ్బలు, వాటి వెనక ఉప్పునీటి మడుగు, అందులో గులాబీ కాళ్ల కొంగలు. దొరలు దుర్భిణులు పట్టుకుని అటు పోయారు. రసూల్ దిబ్బ చాటున కూర్చుని వేలితో ఇసుకలో గీత గీశాడు. చెరిపాడు. మళ్లీ గీశాడు.

"ఏంది బ్బా అది?"

"తస్లీమా గోరీ. ఎంత పొడుగు పెట్టాల్నో తెలీలే."

"ఇది యాడి పద్ధతి? మౌల్వీ సాబ్ వింటే తిడతాడు!" అని కసిరాను.

వాడు పట్టించుకోలేదు. ఊళ్లో భార్య జమీలాబీకి ఫోను కలిపాడు.

"జమీలా, పాప ఎంతుండె?"

అవతల నుంచి సన్నగా వినబడింది. "నిలబడితే నా తొడ కాడికొచ్చేది."

వాడు లేచి, తన తొడ మీద చెయ్యి పెట్టి చూసుకుని, అంత గీత గీశాడు. ఆగి, మళ్లీ అడిగాడు.

"నువ్వు నా భుజం కాడికే కదా వచ్చేది?"

జమీలాబీ బావురుమంది. పక్కనున్న నాక్కూడా వినబడింది. వాడు ఫోను పెట్టేసి, గీత చివర జానెడు చెరిపి పొట్టి చేశాడు. మూడు గుప్పిళ్లు వేశాడు.

నేనూ వేశాను. రెండో గుప్పిటికే ఏడుపు ఆగలేదు, వెక్కివెక్కి ఏడ్చాను. రసూల్ నా వైపు వింతగా చూశాడు. వాడి కళ్లు పొడిగానే ఉన్నాయి.

"నువ్వు చూసింటివా దాన్ని?" అన్నాడు. "నేనే చూల్యా."