కాంటా పక్కన కుర్చీ

నారాయణఖేడ్ నుంచి నాగల్‌గిద్ద వెళ్లే బస్సులో నా పక్కన ఒక తెల్లచొక్కా పెద్దాయన కూర్చున్నాడు. బస్సు ఆగిన ప్రతిచోటా కిటికీలోంచి జనానికి చేతులు జోడిస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది.

"శానేండ్లు ఎమ్మెల్యేగ చేసిన బిడ్డా. పదవి పోయిన సంగతి గీ చేతులకు ఇంకా ఎర్కలేదు," అన్నాడు. ఇప్పుడు కందిపప్పు మిల్లు నడుపుతున్నాడట. దారిలో చూపించాడు కూడా.

తర్వాతి ఊళ్లో, కందుల మూట పక్కన నిలబడ్డ ఒక ముసలామె ఆయన దండం చూసి కిటికీ దగ్గరికొచ్చింది.

"ఏంది సారూ, మళ్ల ఓట్లొచ్చినయా?"

"లేదవ్వా. ఇగ ఓట్లడగ. నీ కందులు నా మిల్లుకు తేరాదు?"

"ఓటంటే కండ్లు మూస్కొని ఏసిన. కందులకు గట్ల గాదు. కాంటా కాడ నిలవడి చూస్త."

బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.

"నిలవడుడెందుకు? కాంటా పక్కన కుర్చీ ఏపిస్త, రా!"

ఆ మాట కూడా ఎన్నికల మాటే అనుకున్నాను.

మొన్న మళ్లీ అదే దారిలో బస్సులో వెళ్లాను. మిల్లు వాకిట్లో, కాంటా పక్కన నిజంగానే ఒక కుర్చీ ఉంది. ఎవరో రైతు అందులో దర్జాగా కూర్చుని, తూకం మీదే కళ్లు పెట్టి చూస్తున్నాడు. పెద్దాయన లోపల ఉన్నాడో లేడో.

కిటికీలోంచి చేతులు జోడించాను.