పెనాంగ్ దాకా ఎడమచేతి కర్రలు

ఓడ విహారానికి సొంత గోల్ఫ్ కర్రలు మోసుకెళ్ళాలా వద్దా అని అడిగేవారికి నా సలహా ముందే చెప్పేస్తాను. ఆడేది మీరైతే వద్దు, మీ ఆవిడైతే తప్పదు. మా ఇంట్లో కర్రపెత్తనం ఆవిడది, కర్రల మోత నాది.

మేడ్చల్‌లో నాకు మోటార్ల వైండింగ్ దుకాణం ఉంది. పంపుసెట్లు కూడా అమ్ముతాను. వానలు మొహం చాటేసిన ఏడాది బోర్లు ఎక్కువ వేశారు, మోటార్లు ఎక్కువ పోయాయి. కంపెనీవాళ్ళు సంతోషించి డీలర్లను భార్యాసమేతంగా సింగపూర్ ఓడ ఎక్కిస్తామన్నారు. ఓడ మీద మూడు రాత్రులు, మధ్యలో ఒక పగలు పెనాంగ్‌లో మజిలీ. బేగంపేట విమానాశ్రయంలోనే అన్ని విమానాలూ దిగుతున్న రోజులవి.

మా ఆవిడ సుగుణకు గోల్ఫ్ ఎలా అంటుకుందో చెప్పాలి. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోతే, రోజూ చెయ్యి ఊపమన్నాడు డాక్టర్. శామీర్‌పేట దాటాక ఒక చిన్న గోల్ఫ్ మైదానం ఉండేది. దాని నీళ్ళ మోటార్లు నేనే బాగుచేసేవాణ్ణి. ఒక ఆదివారం తోడు వచ్చిన సుగుణ, నేను పంపు గుంతలో తలదూర్చి ఉండగా, పక్కన పడి ఉన్న కర్ర తీసుకుని ఊపింది. ఎడమచేతి వాటంగా ఊపింది. బంతి ఎటు పోయిందో నేను చూడలేదు గానీ, అక్కడ ఆడుతున్న ఒక మిలిటరీ పెద్దాయన చూశాడు. ఆయనదీ ఎడమచేతి వాటమే. తీరిక దొరికినప్పుడల్లా ఆమెకు నేర్పి, ఊరు మారేటప్పుడు తన పాత కర్రలు ఏడింటిని సంచితో సహా ఆమెకే ఇచ్చి వెళ్ళాడు.

ఎడమ చెయ్యి అంటే ఆషామాషీ కాదు మాకు. సుగుణకు పుట్టిల్లు గౌడవెల్లిలో చిన్నప్పుడు ఎడమ చేత్తో ముద్ద ఎత్తితే వీపు మీద పడేది. పెళ్ళయిన కొత్తలో మా మేనత్తకు మంచినీళ్ళ చెంబు ఎడమ చేత్తో అందిస్తే ఆమె చెంబు ముట్టలేదు. అప్పటినుంచి సుగుణ నలుగురిలో ఉన్నప్పుడు ఎడమ చేతిని కొంగులో చుట్టుకుని కూర్చుంటుంది. మైదానంలో మాత్రం ఆ చెయ్యి బయటికొస్తుంది. ఆ మైదానమైనా ఆరు గుంతలది. మోటారు నడిచిన మేర పచ్చిక, మిగతాదంతా ఎర్రమన్ను. మోటారు ఎంత మేర నడుస్తుందన్నది నా పనితనం, కనుక ఆ మాట పొడిగించను.

ఓడవాళ్ళ రంగుల కాగితంలో పెనాంగ్ మైదానం బొమ్మ ఉంది. అంతా పచ్చిక. సుగుణ దాన్ని దేవుడి అలమరలో పెట్టింది. ఓడ దిగే ఆ ఒక్క పగలూ అక్కడ తొమ్మిది గుంతలు ఆడాలన్నది ఆమె కోరిక. ఆమె ఆడుతుంటే ఒక్కసారైనా తీరిగ్గా చూడాలన్నది నాది. ఇక్కడ నా తల ఎప్పుడూ పంపు గుంతలోనే కదా. కర్రలు అక్కడే అద్దెకు దొరుకుతాయన్న టికెట్ల కుర్రాడు, ఎడమచేతివి ఉంటాయా అని గట్టిగా అడిగితే కనుక్కుని లేవన్నాడు. అలా మోత ఖాయమైంది.

దసరా వెళ్ళిన మూడో రోజు ప్రయాణం. ఆయుధపూజనాడు రెంచీలు, స్పానర్లతో పాటు కర్రలకూ పసుపు కుంకుమలు పెట్టాం. సంచికి నిమ్మకాయ కట్టాను. మూట కట్టే విధానం వినండి, పనికొస్తుంది. కర్రల తలలకు తువ్వాళ్ళు చుట్టి, మధ్యలో కర్రలకన్నా జానెడు పొడుగున్న పీవీసీ పైపు ముక్క నిలబెట్టాను. ఎవరు విసిరేసినా దెబ్బ పైపుకు తగులుతుంది, కర్ర మెడ విరగదు. పైన పాత దుప్పటి కప్పి నైలాను తాడు బిగించాను. వైండింగ్ నా వృత్తి కదా, కాస్త ఎక్కువే చుట్టాను.

సాయంత్రం నాలుగింటికి దేవరయాంజాల్ నుంచి ఖాజా భాయ్ తన సుమో తెచ్చాడు. పదిహేనేళ్ళ స్నేహం మాది. వాకిట్లో పడుకోబెట్టిన మూటను చూసి చెప్పులు విప్పబోయి ఆగాడు.

"రాజన్నా, గిదేంది, మయ్యత్ తీరుగున్నది? ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"పాండవులు గూడ గిట్లనే కట్టిన్రు భాయ్" అన్నాను, ఆయుధాలను శవంలా చుట్టి జమ్మిచెట్టు మీద దాచిన సంగతి గుర్తుచేస్తూ.

"ఆళ్ళు చెట్టు మీద పెట్టిన్రు. నువ్వు నా బండి మీద పెడుతున్నవ్" అంటూనే తాడు పట్టాడు. కొంపల్లి దగ్గర ఒక పోలీసాయన మా బండి ఆపి, పైకి చూసి, టోపీ తీసి, వెళ్ళమని చెయ్యి ఊపాడు. పెనాంగ్ దాకా మాకు దొరికిన అత్యంత గౌరవం అదే.

విమానాశ్రయంలో పొడుగు సామాన్లకు వేరే కౌంటరు ఉంటుంది, వరసలో నిలబడకముందే అడిగి తెలుసుకోండి. రాత్రి విమానం, తెల్లారేసరికి సింగపూర్. మధ్యాహ్నం రేవులో ఓడ ఎక్కాం. పెట్టెలకు గది నంబరు చీటీ కట్టి రేవులోనే అప్పగిస్తే, అవే గది ముందుకు వస్తాయి. మా పెట్టె వచ్చింది. డీలర్ల పెట్టెలన్నీ వచ్చాయి. మూట రాలేదు. భోజనాల హాల్లో అన్నం, పప్పు కూడా ఉన్నాయి గానీ సుగుణ పెరుగన్నం మాత్రం తిని లేచింది. చెయ్యి కొంగులోకి వెళ్ళింది.

నేను కింది అంతస్తులోని భద్రతా గదికి వెళ్ళాను. మూట విప్పి బల్ల మీద పరిచారు. కర్రలు, పైపు, వాడిన నిమ్మకాయ, రెండు పొట్లాలు: ఒకటి ఎర్రటి పొడి, ఒకటి పసుపుపచ్చటి పొడి. ఓడ కదిలేముందు బొట్టు పెడదామని అవి దాచింది నేనే. నా పదో తరగతి ఇంగ్లీషులో కుంకుమను వివరించబోయి 'రెడ్ పౌడర్, వెరీ పవర్' అన్నాను. బల్ల వెనక ఉన్న ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

అప్పుడు వచ్చాడు వాళ్ళ పెద్ద. నేపాలీ, పూర్వం సిపాయి. కర్ర తల మీద కుంకుమ బొట్టు చూసి, దసరా పూజా అని హిందీలో అడిగాడు. మా ఉర్దూ కలిసిన హిందీ నాలుక మీదికి పరిగెత్తుకొచ్చింది. వాళ్ళ ఊళ్ళోనూ ఈ పండగకు పనిముట్లకు పూజ చేస్తారట. ఈసారి ఇంటికి వెళ్ళలేకపోయాడట. పొడులు, నిమ్మకాయ తన దగ్గరే ఉంచుకుంటానని, మిగతావి తీసుకెళ్ళమని చెప్పాడు. సంతకం పెట్టి కర్రలు తీసుకుంటుంటే, ఎర్ర పొట్లం కొస విప్పి వేలితో తన నుదుట చిన్న బొట్టు పెట్టుకున్నాడు. పూజ వస్తువులు సామాన్లలో పెట్టుకోవద్దని మీకు చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను, కానీ ఇప్పుడు చెప్పబుద్ధి కావడం లేదు.

మర్నాడు ఉదయం పెనాంగ్. మధ్యాహ్నం రెండున్నరకల్లా తిరిగి ఓడ ఎక్కాలి. మిగతా డీలర్లు గుళ్ళు చూడ్డానికి బస్సెక్కారు. మేం టాక్సీ మాట్లాడుకున్నాం, రానూపోనూ, మధ్యలో ఆగడానికీ కలిపి. గుట్టల పక్కన మైదానం. బొమ్మలో ఉన్నట్టే ఉంది. ఇంకా ఎక్కువే ఉంది. సుగుణ దిగి, చెప్పులు విప్పి పచ్చిక మీద నిలబడింది.

ఆట రుసుము కట్టేచోట ఒక పెద్దావిడ కర్రలు చూసి మెచ్చుకుని, సుగుణను చూసి తల అడ్డంగా ఊపింది. గోడ మీద బోర్డు చూపించింది. కాలరున్న చొక్కా ఉంటేనే మైదానంలోకి ప్రవేశం. అమ్మే దుకాణం పది దాటాక తెరుస్తారు. మా వంతు తొమ్మిదికి. అది వదులుకుంటే మళ్ళీ ఖాళీ మధ్యాహ్నమే, అప్పటికి ఓడ వెళ్ళిపోతుంది. నేను బతిమాలడానికి మాటలు వెతుక్కుంటున్నాను.

సుగుణ బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది.

"నీ అంగి ఇప్పు" అంది.

"ఈడనా?"

"నాట్లకు పోయినప్పుడు నేనేమేసుకుంట? ఇప్పు జల్దీ."

మా వైపు పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్ చొక్కా తొడుక్కుంటారు. ఎండ తగలదు, చేతులు గీసుకుపోవు. సుగుణ కొంగు నడుముకు దోపి, నా చారల చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, చేతులు మోచేతి దాకా మడిచి, కాలరు సర్ది, పెద్దావిడ ముందు నిలబడింది. పెద్దావిడ బోర్డు మరోసారి చదివింది. చీర గురించి అందులో ఏమీ లేదు. నవ్వి, చీటీ చింపి ఇచ్చింది.

సంచి భుజాన వేసుకుని నేనూ కదిలాను. పెద్దావిడ మళ్ళీ బోర్డు చూపించింది. బనియన్‌కు కాలరుండదు.

సుగుణ ఆగింది. "పోనీ నేను పోనులే" అనలేదు, నేను అననివ్వలేదు. వంతు దాటిపోతుంది వెళ్ళమన్నాను. అక్కడ ఆటగాళ్ళ కర్రలు మోసే క్యాడీ సంచి అందుకున్నాడు. మేడ్చల్ నుంచి నేను మోసిన మూట, చూడాల్సిన గడియకు ఇంకొకరి భుజం మీద వెళ్ళింది. మొదటి దెబ్బ చప్పుడు మాత్రం వినిపించింది. టక్కుమని ఒక్కటే. తరవాత చెట్ల వరస అడ్డొచ్చింది.

పది దాటాక దుకాణం తెరిచారు. ఉరికాను. గుమ్మంలోనే ఆపారు. లోపలికి రావాలన్నా కాలరుండాలట. బనియన్‌తో టాక్సీ దగ్గర చెట్టు కింద కూర్చున్నాను. డ్రైవరు తమిళాయన, నాకు రాని భాషలో జాలిపడి, నాకు తెలిసిన కాఫీ ఇప్పించాడు. గడియారం ఒంటిగంట వైపు నడుస్తుంటే ఒక వాన జల్లు పడి వెలిసింది. ఆ వెనకే సుగుణ వచ్చింది. చొక్కా తడిసింది, చేతి మడతల్లో గడ్డి పరకలు, చీర కుచ్చిళ్ళకు బురద. క్యాడీ వంగి ఏదో చెప్పి దండం పెట్టాడు.

టాక్సీలో రేవు చేరాం. ఓడ మెట్లెక్కుతూ సుగుణ అంది: "ఒక్కరు గూడ నా చెయ్యి దిక్కు సూడలేదయ్యా. బంతి దిక్కే సూసిన్రు."

ఎట్లా ఆడావని అడిగితే, తరవాత చెప్తానంది. సింగపూర్ చేరేదాకా ఆ తరవాత రాలేదు. గదిలో కిటికీ దగ్గర కూర్చుని సముద్రం చూసింది. నేను అడగడం మానేశాను.

తిరుగు విమానం పగటిది. బేగంపేటలో దిగేసరికి ఖాజా భాయ్ వచ్చి ఉన్నాడు. సుమో మీద వేరే పెద్దమనిషి మంచం ఉందని మూటను లోపలే పెట్టాడు. అంటే వెనక సీట్లో నా ఒళ్ళో. సుగుణ ముందు కూర్చుంది. బోయినపల్లి దాటాక అడిగాడు. "వదినే, ఆట ఎట్లయ్యింది? అన్న మస్తు సూసిండా?"

"సూడలే భాయ్, అంగి లేకుండె" అంది. ఇక మొదలుపెట్టింది. మొదటి గుంత ఎక్కడుందో, బంతి గుట్ట ఎక్కి ఎలా జారిందో, మూడో గుంత దగ్గర నీళ్ళలో రెండు బంతులు ఎలా పోయాయో, వానలో క్యాడీ గొడుగు పడితే వద్దని ఎలా కొట్టిందో. చెయ్యి ఊపి ఊపి చూపిస్తుంటే ఖాజా భాయ్ దెబ్బ తగలకుండా తల వంచుకుని బండి నడిపాడు. తొమ్మిదో గుంతలో బంతి పడేసరికి మేడ్చల్ వచ్చింది. పెనాంగ్‌లో చూడలేకపోయిన ఆట, నేను ఆ రోడ్డు మీద, కర్రల మూట పక్కనుంచి మెడ సాచి, మొత్తం చూశాను.

ఇంటి ముందు దిగాక సుగుణ పెట్టె తెరిచి, ఖాజా భాయ్ పిల్లల కోసం కొన్న మిఠాయి డబ్బా తీసి అందించింది. మాటల ఊపులో ఎడమ చేత్తో అందించింది. గుర్తొచ్చి వెనక్కి తీసుకోబోయేలోగా ఖాజా భాయ్ రెండు చేతులూ చాచి అందుకుని, డబ్బాను కళ్ళకు అద్దుకున్నాడు.

మూట దించడానికి మాత్రం ఎవరూ ఏ చెయ్యీ వెయ్యలేదు. అది నా వంతే. సంతోషంగా దించుకున్నాను.