పెద్దమ్మ ఊడ్చిన ఇసుక

బుధవారం తెల్లవారకముందే బద్వేలు ఆసుపత్రి నుంచి మా పక్కింటి పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. రాత్రి గుండెనొప్పి అంటే తీసుకుపోయారట. ఇక లేదన్నాడు. నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాను. "వస్తాండా" అని మాత్రం అనగలిగాను.

కాగితం మిల్లుకు కలప పెంచే జామాయిలు తోటలో రోజువారీ లెక్కలు రాసే పని నాది. ఆ తోట మధ్యలో, వంక వెంట కొంత నేలను ఏమీ నాటకుండా, నరకకుండా అడవిగానే వదిలారు. అక్కడికి ఏయే జంతువులు వస్తున్నాయో తెలియడానికి నీటి చెలమ చుట్టూ ఇసుక పరిచారు. సాయంత్రం ఆ ఇసుకను చదును చేయడం పెద్దమ్మ పని. పొద్దున దాని మీద పడిన జాడలను ఫోటో తీసి, రాసిపెట్టడం నా పని.

ఆమె చెప్పులు వదిలి, బందారు పొద కొమ్మతో వెనక్కి నడుస్తూ ఊడ్చేది. తన అడుగులు తానే చెరుపుకుంటూ గట్టెక్కేది. "మన జాడ ఉంటే వాటి జాడ యాడ కనపడతాది నాయనా?" అనేది. తెలియని గుర్తు కనిపిస్తే తెలియదనే చెప్పేది. నా మౌనాన్ని మాత్రం వదిలేది కాదు. మాటలను గూడా బీరువాలో పెట్టి తాళమేసుకుంటావా అని నలుగురినీ నవ్వించేది. ఆ నవ్వులో నన్నూ కలుపుకునేది.

ఒక ఎండాకాలం వారాల తరబడి ఇసుక మీద ఏ జాడా లేదు. అరుదైన కలివికోడి పిట్ట వస్తుందని అందరూ ఆశపడ్డారు. ఉడుత కూడా రాలేదు. ఇలాగే ఉంటే వానలకు అక్కడా జామాయిలు నాటేస్తామని పైనుంచి కబురొచ్చింది. వంక పోతే పెద్దమ్మ పనీ పోతుంది. తోట మేస్త్రీ తన ఇంటి నాటుకోడిని ఒక పూట ఇసుక మీద నడిపించి, అదే కలివికోడి జాడ అంటే సరిపోతుందన్నాడు. అందరం నవ్వాం. అతను నవ్వలేదు.

"ఆ కోడిని కూర జేసుకోప్పా" అని, పెద్దమ్మ నా వైపు తిరిగింది. "రాలేదు గదా, రాలేదనే రాయి. రేపు నిజంగా వచ్చిన నాడు మన మాట నమ్మాల గదా నాయనా."

రోజూ అదే రాశాను. వానలు ఇంకా మొదలుకాకముందే ఒక పొద్దున కొండగొర్రె, దాని పిల్ల నీళ్లకు వచ్చి పోయిన గిట్టల గుర్తులు కనిపించాయి. చూడడానికి వచ్చిన ఆఫీసరు పాత కాగితాలన్నీ తిరగేశాడు. అన్ని 'రాలేదు'లు చదివాక, ఆ ఒక్క 'వచ్చింది'ని ఆయన అనుమానించలేదు. వంక మిగిలింది. బడిలో నేను చదివింది తక్కువ. ఖాళీ రోజును ఖాళీగా రాయడానికి భయపడకూడదని నేర్పింది ఆమే.

ఆమెను సాగనంపిన మరునాడు వంకకు పోయాను. ఇసుక సగం వరకే చదునుగా ఉంది. ఆ సాయంత్రం ఊడుస్తుండగానే నొప్పి మొదలై, కొమ్మ అక్కడే వదిలేసి నేరుగా ఇంటిదారి పట్టినట్టుంది. ఆమె పాదాల గుర్తులు మొదటిసారి అలా నిలిచిపోయాయి. వాటిని అడ్డంగా దాటుకుంటూ చిన్న గిట్టల జాడ నీళ్ల దాకా పోయింది.

ఫోటో తీశాను. వచ్చిందని రాశాను.

సాయంత్రం చెప్పులు విడిచి, ఆ కొమ్మే అందుకుని వెనక్కి నడిచాను. ఆమె అడుగుల దగ్గర చెయ్యి ఆగింది. ఉంచితే ఆమే ఒప్పుకోదు. ఊడ్చాను. గట్టు మీద నిలబడి చూస్తే ఇసుక నున్నగా, ఎవరూ నడవనట్టు, నీరెండలో పరుచుకుని ఉంది.